గుల్లలు ఏరుకోనివ్వాలా, వద్దా? ఎనిమిదో తరగతి పిల్లలతో సముద్రం ఒడ్డుకి

బయో టీచర్ | జనవరి 19, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. బడి పేరు రాయడం లేదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

పోయిన ఏడాది సంక్రాంతి సెలవులకి రెండు రోజుల ముందు ఎనిమిదో తరగతి వాళ్లని సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లాను. ఊరికే తిప్పి తీసుకొస్తే ఏం లాభం అని ఒక పోటీ పెట్టాను. ఎవరికి ఎక్కువ రకాల గుల్లలు దొరికితే వాళ్లకి మంచి పెన్ను. నా తెలివి అలా ఏడిసింది. నలభై ఒక్కమంది పిల్లలు గంటలో రెండు బకెట్లు నింపేశారు. అన్నీ తెచ్చి ల్యాబ్‌లో అట్టపెట్టెల్లో పరిచి, తాళం వేసి, అందరం పండక్కి వెళ్లిపోయాం.

తిరిగొచ్చాక తలుపు తీసింది మా ఆయా. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని "ఏదో చచ్చిందమ్మా" అంది. ఎలక అనుకున్నాం. ఎలక కాదు. ఆ గుల్లల్లో చాలావాటిలో శంఖు పీతలున్నాయి. మేం చూడనే లేదు. కొన్ని పెట్టెల్లోనే పోయాయి. కొన్ని బయటికి పాకి బీరువా వెనక, కిటికీ కింద ఎండిపోయాయి. ఏడు మాత్రం సింకు కింద, పైపు చుట్టూ పడి ఉన్నాయి. "నీళ్ల వాసన వచ్చి అక్కడికి వెళ్లాయా టీచర్?" అని ఒక పిల్ల అడిగింది. పాఠం చెప్పే నోటికి జవాబు రాలేదు.

ఇప్పుడు మళ్లీ ఎనిమిదో తరగతి నాకే వచ్చింది. తీసుకెళ్లాలని ఉంది, భయంగానూ ఉంది. రాళ్లున్న తీరం అయితే చూడటానికి ఎక్కువ ఉంటుందంటున్నారు. ఎక్కడికి వెళ్లాలి, ఏ వేళకి వెళ్లాలి? అసలు ప్రశ్న, పిల్లల్ని గుల్లలు ఏరుకోనివ్వాలా, పూర్తిగా వద్దనాలా? పద్నాలుగేళ్ల పిల్లల్ని సముద్రం దగ్గరికి తీసుకెళ్లి చేతులు కట్టుకోమంటే నిలబడతారా?

పీత నడక | జనవరి 19, రాత్రి 10:05

మేడమ్, ముందుగా ఇది చెప్పుకున్నందుకు దండం. నేను ఆంధ్రా యూనివర్సిటీలో సముద్ర జీవుల మీద పరిశోధన చేస్తున్నాను. మొదటి సంవత్సరంలో నేనూ ఇలాంటి పనే చేశాను, కాకపోతే ఫార్మలిన్ సీసాలో కాబట్టి వాసన రాలేదు.

శంఖు పీతకి ముందు సగానికే గట్టి పెంకు ఉంటుంది. వెనక పొట్ట మెత్తగా, వంకరగా, పొట్టు ఒలిచిన రొయ్యలా ఉంటుంది. ఆ మెత్తటి భాగాన్ని దాచుకోవడానికే చచ్చిన నత్తల గుల్ల వెతుక్కుంటుంది. గుల్ల తనతో పెరగదు కాబట్టి ఇల్లు మారుతూనే ఉండాలి. కొత్త గుల్ల కనిపిస్తే కాళ్లతో చుట్టూ తడుముతుంది, లోపల కొలత చూసుకుంటుంది, ఇసుక ఉంటే తోడి పారేస్తుంది, ఆ తర్వాత ఒక్క క్షణంలో ఇందులోంచి అందులోకి. ఒక్కోసారి పెద్దదాని వెనక చిన్నవి సైజు వారీగా వరస కడతాయి. పెద్దది మారగానే ఖాళీ అయినదాంట్లోకి తర్వాతది, దాంట్లోకి ఆ తర్వాతది. మన అద్దె ఇళ్ల బాధే, బ్రోకరు లేడంతే.

కాబట్టి "ఖాళీ గుల్లే కదా" అనేది సగమే నిజం. ఎవరూ లేని గుల్ల ఇంకొకరికి ఇల్లు. నా మాట అడిగితే, ఏరనివ్వండి, చూడనివ్వండి, ఎక్కడ తీశారో అక్కడే పెట్టించండి.

పిల్లలకి ఒక ఆట చెబుతాను. గుల్ల దొరికితే తడి ఇసుక మీద నోరు కిందికి ఉండేలా పెట్టి, కదలకుండా మనసులో అరవై లెక్కపెట్టాలి. నీడ పడకూడదు. లోపల ఎవరైనా ఉంటే చాలాసార్లు ఈలోపే కాళ్లు బయటపెడతారు. నత్తే బతికి ఉంటే నోటికి గట్టి మూత కనిపిస్తుంది. బడ్డింగ్ బొంగరంలా కోసుగా, పైన నగిషీ చెక్కినట్టు అందంగా ఉండే శంకువు గుల్లల్ని మాత్రం ముట్టుకోనివ్వకండి. అందులోని నత్త విషపు ముల్లుతో పొడుస్తుంది.

పీత నడక | జనవరి 19, రాత్రి 10:07

పైన "బడ్డింగ్" కాదు, "బుల్లి బొంగరంలా". ఫోను సొంత తెలివి.

పెదజాలరిపేట గుంటడు | జనవరి 19, రాత్రి 11:30

మేడమ్, రెండు బకెట్లకే మీరింత బాధపడుతున్నారు. ఫిషింగ్ హార్బర్‌లో ఒక మర బోటు వల దులిపినప్పుడు చూడండి. చిన్న చేపలు, చిన్న పీతలు, నక్షత్ర చేపలు, నత్తలు కుప్పగా పడతాయి. బీచ్‌లో అద్దాల చుట్టూ అంటించి, తాళాల గుత్తికి తగిలించి అమ్మే గుల్లలు ఇక్కడ ఒడ్డున ఏరినవి అనుకుంటున్నారా? చాలావరకు అడుగు వలల్లో పడ్డవే, అదీ వేరే ఊళ్ల నుంచి బస్తాల్లో దిగినవి. పిల్లలకి ఏరొద్దని చెప్పి, వచ్చేటప్పుడు కొట్లో కీచైన్ కొనిచ్చారనుకోండి, ఏం నేర్చుకున్నట్టు?

ఎప్పుడు వెళ్లాలన్నారు. మా తాత క్యాలెండర్ చూడడు, చంద్రుణ్ణి చూస్తాడు. అష్టమి దాపుల్లో నీళ్లు బద్ధకంగా ఉంటాయి, పెద్దగా రావు, పెద్దగా పోవు. అమావాస్యకి, పున్నమికి బాగా లాగుతాయి. రాళ్లు బయటపడేది అప్పుడే. కానీ మాఘ పున్నమి నాడు మాత్రం వద్దు మేడమ్. సముద్ర స్నానాలకి ఊళ్లకి ఊళ్లు దిగుతాయి. పీతలు కాదు కదా, ఇసుక కూడా కనపడదు.

ఇద్దరు పిల్లల అమ్మ | జనవరి 20, ఉదయం 7:48

నా చిన్నదీ ఎనిమిదే, వేరే బడి. మీ ఉద్దేశం మంచిదే టీచర్ గారూ, కానీ సముద్రం అంటే నాకు టెన్షన్. ఆర్కే బీచ్‌లో మునిగిపోయిన వాళ్ల గురించి ప్రతి ఏడూ వార్తల్లో చూస్తూనే ఉంటాం. నలభైమంది పిల్లల్ని ఒక్క టీచర్ ఎలా చూసుకుంటారు? రాళ్ల మీద పాచి ఉంటుంది కదా?

పీత నడక | జనవరి 20, ఉదయం 9:20

అక్కా, మీ భయం సరైనదే. మన తీరంలో అలలకన్నా లోపలికి లాక్కెళ్లే ప్రవాహం ప్రమాదం. ఒడ్డుకొచ్చి పడ్డ నీరంతా ఒక సన్నటి దారిలో తిరిగి లోపలికి పోతుంది. చూడటానికి ఆ చోటే అలలు తక్కువగా, ప్రశాంతంగా ఉన్నట్టుంటుంది, జనం అక్కడే దిగుతారు. రాతి తీరం చూసేటప్పుడు నీళ్లలోకి దిగే పనే లేదు, నీళ్లు వెనక్కి పోయాక మిగిలిన గుంటల్ని చూడటమే.

మన దగ్గర రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ప్రతి రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా ఎత్తులో తేడా ఒకటిన్నర మీటర్లకు అటూ ఇటూగానే ఉంటుంది. గుజరాత్‌లోలా కిలోమీటర్ల కొద్దీ నేల బయటపడదు. అందుకే ఇక్కడ వేళ తప్పితే చూడటానికి ఏమీ మిగలదు. టైడ్ టేబుల్ (ఆటుపోట్ల వేళల పట్టిక) చూసి, నీళ్లు పూర్తిగా తగ్గే సమయానికి గంట ముందు చేరుకోండి, తిరిగి మొదలవగానే వచ్చేయండి. పదిమంది పిల్లలకి ఒక పెద్దవాళ్లు. ఒకరు మాత్రం గుంటల్లోకి చూడకుండా సముద్రం వైపే చూస్తూ నిలబడాలి. ఆ పని చాలా బోరు, కానీ అదే ముఖ్యం.

చెప్పులు కాదు, బూట్లు. పాతవైతే మేలు. జోడుగుళ్లపాలెం, తెన్నేటి పార్కు కింద, రుషికొండ పక్కన, మంగమారిపేట, వీటన్నిటి దగ్గరా రాళ్లున్నాయి. మీకు దగ్గర మంగమారిపేటే అనుకుంటా. పిల్లల కన్నా ముందు మీరొకసారి వెళ్లి చూసి రండి.

సింధియా బాబాయ్ | జనవరి 20, మధ్యాహ్నం 3:15

నేను పోర్టులో పని చేసి రిటైరయ్యాను. నాకు పీతల గురించి తెలియదు, తినడం తప్ప. ఇసుక గురించి తెలుసు.

పిల్లలకి జంతువులతో పాటు తీరం ఎలా కదులుతుందో కూడా చూపించండమ్మా. మన తీరం వెంబడి అలలు ఇసుకని ఏడాది మొత్తం మీద చూస్తే దక్షిణం నుంచి ఉత్తరానికే ఎక్కువగా మోస్తాయి. 1933లో లోపలి హార్బర్ తెరిచారు. 1970ల్లో ఔటర్ హార్బర్ కోసం సముద్రంలోకి రాతి గోడలు కట్టారు. వచ్చే ఇసుక ఆ గోడల దగ్గర ఆగిపోతుంది, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కి అందదు. అందుకే అక్కడ కోత. అడ్డంగా ఆగిన ఇసుకని డ్రెడ్జర్‌తో తోడి మళ్లీ బీచ్ మీద పోస్తుంటారు. నా చిన్నప్పుడు ఆ ఒడ్డున ఇసుక ఎంత ఉండేదో చెబితే మా మనవడు నమ్మడు, ముంత మసాలా బళ్లు ఎప్పుడూ అంత దగ్గరే ఉండేవనుకుంటాడు.

ఇంకొకటి. పాత స్పీకర్‌లోని అయస్కాంతం ఒకటి పట్టుకెళ్లండి. భీమిలి వైపు ఇసుకలో నల్లటి చారలుంటాయి కదా, వాటి మీద తిప్పితే నల్ల రేణువులు మీసంలా అంటుకుంటాయి. మిగిలిన వాటిలో ఎర్రగా మెరిసేవి గార్నెట్ అనే ఖనిజం రేణువులు. మన కొండల రాయిని ఖోండలైట్ అంటారు, ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు. ఆ రాయి అరిగి అరిగి ఈ ఇసుక అయింది. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టండి, లేకపోతే దాన్ని శుభ్రం చేయడానికి రిటైరవ్వాలి.

ఎండమావి | జనవరి 20, సాయంత్రం 6:02

నన్ను తిట్టుకున్నా సరే. పోర్టు బొగ్గు పొడి ఇళ్ల మీద పడుతుంది, డ్రైనేజీ నీళ్లు గెడ్డల్లోంచి (వాగుల్లోంచి) నేరుగా సముద్రంలో కలుస్తున్నాయి, కొండలు తవ్వి పారేస్తున్నారు. ఇవన్నీ వదిలేసి పిల్లల జేబుల్లో నాలుగు గుల్లల మీద పడ్డాం. పెద్దవాళ్ల పాపానికి ఎనిమిదో తరగతి వాళ్లకి పర్యావరణ పాఠం. పైగా రెండు నెలల్లో పరీక్షలు.

పెదజాలరిపేట గుంటడు | జనవరి 20, సాయంత్రం 6:40

అన్నా, సగం నీతో ఉన్నా. పర్యావరణం అనే మాట మా పేటలోకి ఎప్పుడొచ్చినా వేలు మా వైపే ఉంటుంది. మా తెప్పలు, మా వలలు, మా చేపల వాసన. సముద్రం పాడైతే ముందు అన్నం పోయేది ఎవరికి? కవళ్లు, కానాగంతలు ఒడ్డు దగ్గర దొరకట్లేదని మా నాన్న ఇంకా ఇంకా లోపలికి వెళ్తున్నాడు. డీజిల్ ఖర్చు మాది.

కానీ పిల్లల్ని తీసుకెళ్లొద్దంటే ఒప్పుకోను. గెడ్డ నీళ్లు ఎక్కడ కలుస్తున్నాయో వాళ్లు చూస్తే రేపు అడుగుతారు. చూడనోడు ఏం అడుగుతాడు?

ఎండమావి | జనవరి 20, సాయంత్రం 6:55

అయితే టీచర్ గారూ, గెడ్డ కలిసే చోటు కూడా చూపించండి. గుల్లలు ఒక్కటే కాదు. అప్పుడు నేను నోరు మూసుకుంటా.

నిర్వాహకుడు | జనవరి 20, రాత్రి 8:00

ఎండమావి గారు నోరు మూసుకుంటానన్న స్క్రీన్‌షాట్ తీసుకున్నాం. చర్చ కొనసాగించండి.

తాబేలు కాపలా | జనవరి 22, ఉదయం 5:50

ఇప్పుడే ఒడ్డు నుంచి వచ్చి టీ తాగుతూ రాస్తున్నాను. సీజన్‌లో తాబేళ్ల గుడ్లు ఏరే పని నాది. రాత్రి రెండింటికి టార్చి పట్టుకుని మొదలుపెడితే తెల్లారేవరకు నడకే. టార్చికి ఎర్ర కాగితం కట్టుకుంటాం, తెల్ల లైటు చూస్తే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరుగుతుంది.

టీచర్ గారూ, మీరు జనవరి, ఫిబ్రవరి అంటున్నారు కాబట్టి పిల్లలకి ఆలివ్ రిడ్లీ అనే సముద్ర తాబేలు గురించి చెప్పకుండా ఉండలేరు. తల్లి జాడ ట్రాక్టరు టైరు గుర్తులా ఉంటుంది. నీళ్ల నుంచి ఒకటి పైకి, ఒకటి కిందికి. వెనక కాళ్లని గరిటెల్లా వంచి, ఒకదాని తర్వాత ఒకటి, కుండ ఆకారంలో గొయ్యి తవ్వుతుంది. వంద, ఆ పైన గుడ్లు, పింగ్ పాంగ్ బంతుల్లా. తర్వాత ఇసుక కప్పి, ఒంటిని అటూ ఇటూ ఊపుతూ పొట్టతో డబ్ డబ్‌మని నేలని కొడుతుంది. పక్కన నిలబడితే కాళ్లకి తెలుస్తుంది. మొదటిసారి విన్నప్పుడు దూరంగా ఎవరో బట్టలు ఉతుకుతున్నారనుకున్నా.

గుడ్లని అక్కడే వదిలేస్తే కుక్కలు తవ్వేస్తాయి. అందుకే తీసి, కంచె వేసిన చోట అంతే లోతు గొయ్యిలో పెడతాం. పెట్టిన కొన్ని గంటల్లోపే తీయాలి. ఆలస్యమైతే లోపలి పిండం గుడ్డు పైభాగానికి అతుక్కుంటుంది, అప్పుడు కదిపినా, తిరగేసినా చచ్చిపోతుంది. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలొస్తాయి. ఇసుక వెచ్చగా ఉంటే ఆడవి ఎక్కువ, చల్లగా ఉంటే మగవి ఎక్కువ. మీ పిల్లలు ఈ మాటకి తప్పకుండా నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఇద్దరు పిల్లల అమ్మ | జనవరి 22, ఉదయం 8:30

మా వాట్సాప్ గ్రూపులో తాబేలు పిల్లని చేతిలో పెట్టుకున్న ఫొటోలు వస్తున్నాయి. తాబేలు పిల్లల్ని సముద్రంలోకి విడిచిపెట్టేటప్పుడు మేమూ వెళ్లి పట్టుకోవచ్చా?

తాబేలు కాపలా | జనవరి 22, ఉదయం 9:10

రావొచ్చమ్మా, పట్టుకోకూడదు. సముద్ర తాబేలు 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్. పులికి ఉన్న రక్షణే దీనికీ ఉంది. చట్టం సంగతి పక్కన పెడితే, పిల్ల తనంతట తాను ఇసుక మీద పాకి నీళ్లలోకి వెళ్లాలి. ఎత్తుకెళ్లి నీళ్లలో వదిలితే మేలు చేశామనుకుంటారు. చేతులకి రాసుకున్న క్రీములు, దోమల మందు దాని ఒంటికి అంటుతాయి. ఇంకా ముఖ్యం, మొబైల్ లైట్లు. వెలుతురు ఉన్న వైపు సముద్రం అనుకుంటుంది అది. చీకటి తీరంలో నిజంగానే సముద్రం వైపు ఎక్కువ వెలుతురు. మన బీచ్ రోడ్డున తలకిందులు, హోటళ్ల వైపు నడుస్తుంది. నేనొకసారి తెల్లారి రోడ్డు మీద చూశాను. దాని గురించి రాయను.

పెదజాలరిపేట గుంటడు | జనవరి 22, ఉదయం 9:45

అన్నా, మా తాత వల్లో తాబేలు పడితే వల కోసైనా వదిలేస్తాడు. కూర్మావతారం అంటాడు. శ్రీకూర్మం వెళ్లొచ్చినోడు తాబేలు మీద చెయ్యి వేస్తాడా?

తాబేలు కాపలా | జనవరి 22, ఉదయం 10:20

తెలుసు తమ్ముడూ, మీ తాతలాంటి వాళ్లు ఫోను చేసి జాడ చెప్పబట్టే మాకు సగం గూళ్లు దొరుకుతున్నాయి. ఒడ్డున చచ్చి పడేవి ఎక్కువగా మర బోట్లు ఈడ్చే ట్రాలు వలల్లోవి. తాబేలు ఊపిరికి పైకి రావాలి, వల లోపల గంటల తరబడి ఉండిపోతే మునిగి చచ్చిపోతుంది. తాబేలు బయటపడేలా వలకి అమర్చే ఇనుప చట్రం ఉంది, చేపలు కూడా జారిపోతాయని బోటు వాళ్లు పెట్టరు. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. ఇక్కడికి తల్లులు ఎక్కువగా వచ్చేది జనవరి నుంచి మార్చి. లెక్క మీరే చూసుకోండి.

సింధియా బాబాయ్ | జనవరి 22, ఉదయం 11:05

తాబేలు కాపలా నాయనా, టీ తాగి ముందు నిద్రపో.

పెదజాలరిపేట గుంటడు | జనవరి 25, రాత్రి 9:00

మేడమ్, రోజు ఖాయం చేశారా? మా తాతని తీసుకొస్తా, మైకు ఇవ్వకండి. ఇస్తే సాయంత్రం దాకా ఆపడు.

బయో టీచర్ | జనవరి 26, సాయంత్రం 5:30

మాఘ పౌర్ణమి మర్నాడు అనుకున్నాం. హెడ్‌మాస్టర్ గారు ముందు ఒప్పుకోలేదు, పోయిన ఏడాది వాసన ఆయన గదిదాకా వచ్చింది మరి. తల్లిదండ్రుల సంతకాలు, నలుగురు టీచర్లు, ఒక తాడు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, ఇవన్నీ చూపించాక "ఒక్క గుల్ల కూడా బడి గేటు దాటి లోపలికి రాకూడదు" అని సంతకం పెట్టారు.

ఒక సందేహం. పోయిన ఏడాది గుల్లలు నేను పారేయలేదు. కడిగి ఎండబెట్టి బీరువాలో పెట్టాను. వాటిని తిరిగి పట్టుకెళ్లి రాళ్ల మధ్య పెట్టొచ్చా?

పీత నడక | జనవరి 26, రాత్రి 8:15

పెట్టొచ్చు మేడమ్, అవి ఈ తీరంవే కాబట్టి. సబ్బు, యాసిడ్, వార్నిష్ తగిలినవి మాత్రం వద్దు. మంచినీళ్లలో రెండు మూడు రోజులు నానబెట్టి, నీళ్లు మారుస్తూ కడగండి.

బయో టీచర్ | జనవరి 26, రాత్రి 8:31

నెయిల్ పాలిష్?

పీత నడక | జనవరి 26, రాత్రి 8:33

ఎన్నిటికి?

బయో టీచర్ | జనవరి 26, రాత్రి 8:40

ఇరవై పైనే. బాలల దినోత్సవానికి మా పిల్లలు "సముద్ర కళ" చేశారు. అవి పక్కన పెట్టేస్తాను.

బయో టీచర్ | ఫిబ్రవరి 15, రాత్రి 10:20

వెళ్లొచ్చాం. రెండు రోజులు ఒళ్లు నొప్పులతో రాయలేకపోయాను.

ముందు చెడ్డ కబురు. ఒక పిల్ల పాచి మీద జారి మోకాలు గీసుకుంది, కట్టు కట్టాం, తర్వాత అందరికన్నా ఎక్కువ తిరిగింది ఆ పిల్లే. నా ఫోను ఒక గుంటలో పడింది. బియ్యంలో పెట్టాను. ఇంకా బియ్యంలోనే ఉంది.

మొదట పావుగంట ఎవరికీ ఏమీ కనిపించలేదు. "రాళ్లే ఉన్నాయి టీచర్" అన్నారు. పీత నడక తమ్ముడు (వచ్చినందుకు థాంక్స్) ఒక గుంట దగ్గర అందర్నీ గుండ్రంగా గొంతుకూర్చోమని, రెండు నిమిషాలు మాట్లాడొద్దన్నాడు. అప్పుడు గుంట మేలుకుంది. రాయి అనుకున్నది చిన్న చేప. మట్టి రంగు ముద్ద సముద్రపు పువ్వు, నీళ్లున్న చోట రేకులు విప్పింది, నీళ్లు లేని చోట ఎర్ర జెల్లీ బొట్టులా ముడుచుకుంది. రాయి నిండా తెల్లగా, చిన్న అగ్నిపర్వతాల్లా ఉన్న బార్నకిల్స్‌ని చూసి "సిమెంటు చుక్కలా?" అని అడిగారు. రాతి అంచున నీరు తగిలినప్పుడు వాటి మూత తెరుచుకుని ఈక లాంటి కాళ్లు బయటికొచ్చి దువ్వుతున్నట్టు కదిలాయి. అది పీతలకి, రొయ్యలకి చుట్టమని, తలకిందులుగా అతుక్కుని కాళ్లతో తింటుందని చెబితే ఒకడు "మా మావయ్యలా" అన్నాడు. డార్విన్ వీటిమీద ఎనిమిదేళ్లు కూర్చున్నాడంటే మాత్రం ఎవరూ నమ్మలేదు.

అరవై లెక్కపెట్టే ఆట బాగా పని చేసింది. పద్నాలుగేళ్లవాళ్లు చేతులు కట్టుకుని నిలబడతారా అని అడిగాను కదా, లెక్క ఉంటే నిలబడతారు. నలభైమంది గొంతులో గొంతు కలిపి లెక్కపెడుతుంటే పక్కనున్న జంట మమ్మల్ని ఏదో పూజ అనుకున్నారు.

ఒక చోట అందరం ఆగిపోయాం. ఒక శంఖు పీత గుల్ల బదులు నీలం ప్లాస్టిక్ మూత ఈడ్చుకుంటూ వెళ్తోంది. కూల్‌డ్రింక్ మూతో, మందు సీసా మూతో తెలియదు. వెనక పొట్ట సగం బయటికే ఉంది. ఎవరూ నవ్వలేదు. బీరువాలోంచి తెచ్చిన గుల్లల్లో సరిపోయే సైజువి మూడు దాని ముందు పెట్టి అరవై లెక్కపెట్టాం. రాలేదు. మళ్లీ అరవై. మూడోసారి మధ్యలో ఒకదాన్ని పట్టుకుని తిప్పి తిప్పి చూసింది, వదిలేసింది. అంతలో తాడు దగ్గరున్న సార్ నీళ్లు పెరుగుతున్నాయని ఈల వేశారు. మారిందో లేదో చూడలేదు. గుల్లలు మూడూ అక్కడే వదిలి వచ్చాం.

ఎండమావి గారూ, వెనక్కి వస్తూ గెడ్డ కలిసే చోటూ చూపించాను. మూత ఎక్కడినుంచి వచ్చిందో అక్కడ ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు.

ఎండమావి | ఫిబ్రవరి 15, రాత్రి 10:48

మాట ప్రకారం ఏమీ అనను. ఒక్క ప్రశ్న. ఆ మూత తెచ్చారా?

బయో టీచర్ | ఫిబ్రవరి 15, రాత్రి 10:55

లేదు. అందులో పీత ఉంది కదా!

పీత నడక | ఫిబ్రవరి 16, ఉదయం 8:10

మేడమ్, మీ క్లాసులో ఒక అబ్బాయి గుల్లల్లో గుండ్రటి చిల్లు చూపించి "దారం కట్టుకోవడానికి ఎవరు పెట్టారు?" అని అడిగాడు. అప్పుడు హడావిడిలో సరిగ్గా చెప్పలేదు. ఆ చిల్లు పెట్టింది ఇంకో నత్త. ఇసుకలో ఉండే చందమామ నత్త ఆల్చిప్పని కాలితో చుట్టి పట్టుకుని, ఆమ్లంతో మెత్తబరుస్తూ, గరుకు నాలుకతో గీకుతూ నెమ్మదిగా తొలుస్తుంది, తర్వాత లోపలి మాంసం తినేస్తుంది. చిల్లు అంచు పై వైపు వెడల్పుగా, లోపలికి సన్నగా, గరాటులా ఉంటే అది దాని పనే. వాడికి చెప్పండి, మెళ్లో వేసుకునే పూస హత్య జరిగిన చోటని.

సింధియా బాబాయ్ | ఫిబ్రవరి 16, ఉదయం 9:30

అయస్కాంతం సంగతి ఎవరూ రాయలేదేం?

బయో టీచర్ | ఫిబ్రవరి 16, ఉదయం 9:52

అయ్యో బాబాయ్ గారూ, సంచిలో చుట్టాం, సంచికి చిల్లు ఉంది. మీరు చెప్పినట్టే నేనింకా ఆ మీసం పీకుతూనే ఉన్నాను. పిల్లలకి మాత్రం పీత తర్వాత అదే ఇష్టమైంది.

పెదజాలరిపేట గుంటడు | ఫిబ్రవరి 16, రాత్రి 9:15

మేడమ్, తాత ఇంటికొచ్చి ఒకటే గొడవ. పిల్లలు సముద్రపు పాముని ఎలా గుర్తుపట్టాలని అడిగితే తోక తెడ్డులా చదునుగా ఉంటుందని చెప్పాడట, మీరెవరో దాన్ని నోట్‌బుక్‌లో రాయించి కింద ఆయన పేరు వేయించారట. "నా పేరు రాసుకున్నార్రా" అని రెండు రోజులుగా పేటంతా చెబుతున్నాడు. అమావాస్యకి మళ్లీ నీళ్లు బాగా లాగుతాయి. ఆ నీలం మూతది ఉన్న గుంట ఎక్కడో ఆయనకి గుర్తుందట, చూసి రావడానికి వెళ్తాడట. నేనూ వెళ్తా.

ఇద్దరు పిల్లల అమ్మ | ఫిబ్రవరి 16, రాత్రి 9:40

అమావాస్యకి ఎన్నింటికి బాబూ? మా చిన్నదాన్ని తీసుకొస్తాను. బూట్లు వేయిస్తాను.